చిన్నమ్మ తలుపు మీద రాయని తేదీ

రెండు వారాల కిందట మా చిన్నమ్మ కన్నుమూసింది. పెద్దపేగు క్యాన్సర్. దేవరుప్పుల చుట్టుపక్కల తండాల్లో ఇరవై ఏడేళ్లు పిల్లలకు టీకా సూదులు వేసిన నర్సమ్మ ఆమె. కబురు వినగానే ఏడుపు వస్తుందనుకున్నాను. కోపం వచ్చింది. ఇంకా పోలేదు.

ఆమె సంచిలో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. సూది వేశాక, మళ్ళీ వేయాల్సిన తేదీని ఆ ఇంటి తలుపు మీదే రాసేది. కార్డులు పోతాయి, తలుపు ఎక్కడికి పోతుందని ఆమె లెక్క. ఆ రోజుకు తల్లి ఇంట్లో లేకపోతే పత్తి చేను దాకా నడిచి మరీ పట్టుకునేది. "పిలగాడు మంచిగనే ఉన్నడు గదక్కా, మళ్ళెందుకు?" అంటే, "మంచిగున్నప్పుడే రావాలె. బాగలేనప్పుడొస్తె నేనేం జేస్త?" అని కసిరేది. సిగ్గుపడే బాలింతలను నవ్వించి, దాచుకున్న బాధలన్నీ చెప్పించేది. నా కొడుక్కి ఇప్పటిదాకా ఒక్క సూది తప్పలేదంటే ఆమె చలవే.

ఆరేళ్ల కిందట మలంలో రక్తం పడితే ఆమెను హన్మకొండ తీసుకుపోయింది నేనే. వెనక నుంచి కెమెరా గొట్టం పెట్టి చూసి, పేగులో ఉన్న రెండు పాలిప్‌లు, అంటే చిన్న కండ బుడిపెలు, తీసేశారు. డాక్టరు గదిలోంచి ఒక్కతే బయటికొచ్చింది. "తీసేసిండ్రు. ఇగ మళ్ళ రావాల్సిన పని లేదన్నరు," అంది. బస్టాండులో చాయ్ తాగి ఇంటికొచ్చాం. గండం గడిచిందని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది కూడా నేనే.

ఈ ఎండాకాలం మనిషి సగమైపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మళ్ళీ అదే డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన పాత కాగితాలు తిరగేసి, "మళ్ళ కొత్తవి పుట్టి క్యాన్సరు కావొచ్చు, మూడేండ్లకు వచ్చి చూపించుకోవాలని చెప్పిన గదమ్మా. ఎందుకు రాలేదు?" అన్నారు. నేను చిన్నమ్మ వైపు చూశాను. ఆమె తన చెప్పుల వైపు చూసుకుంది.

వరండాలో నిలదీశాను. "నాకెందుకు అబద్ధం చెప్పినవ్?"

"గా పేగు సాఫు జేసే మందునీళ్లు తాగుడు, బాత్రూం సుట్టు తిరుగుడు, మళ్ళ అందరి ముందట పక్కకు తిరిగి పండుడు... నాతోని కాదు బిడ్డా. సిగ్గయింది."

"సిగ్గెందుకని మందికి చెప్తవ్ గదా?"

"మందికి చెప్పుడు నా నౌకరి," అంది.

ఆ మాటకు నేను ఇప్పటికీ మెత్తబడలేదు. నన్ను మోసం చేసింది. నా నోటితోనే అందరికీ ఆ అబద్ధం చెప్పించింది. ఆ రోజు హన్మకొండలో డాక్టరు రాసిచ్చిన కాగితం ఇటియ్యమని నేనూ ఒక్క మాట అడగలేదు. ఆమె మాట మీద అంత నమ్మకం నాకు.

దినాల రోజు తండాల నుంచి ఆడవాళ్లు పిల్లల్ని చంకన వేసుకుని వచ్చారు. వాళ్లందరి తలుపుల మీదా ఆమె రాత ఉంది. మా తలుపు మీద మావాడికి వచ్చే నెల వేయాల్సిన సూది తేదీ ఉంది. లోపలికి పోతూ చిన్నమ్మ ఇంటి తలుపు దగ్గర ఆగాను. రెండు రెక్కల మీదా ఒక్క సుద్ద గీత లేదు.