డ్రిల్లు సారును అడిగిన మాట

డెబ్బైలలో నేను పటాన్‌చెరు దగ్గర ఒక మిడిల్ స్కూల్లో డ్రిల్లు మాస్టారిని. ఓ సాయంత్రం సంగారెడ్డి నుంచి బస్సులో వస్తుంటే, ఎదురు సీట్లో కూర్చున్న ఒక కూలీ ఆవిడ నా మెడలో విజిల్ చూసి ముఖం చిట్లించుకుంది.

"మీరు డ్రిల్లు సారా?"

అవునన్నాను.

"మీ అసుంటి సారే మా బిడ్డను పిక్కల మీద కట్టెతోని కొట్టిండు. లాంగ్ జంప్‌ల గీత కాడ ఆగిందట. ఇగ బడికే పోనంటున్నది. గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని కాలువ దుంకే పిల్ల సారూ అది! ఎందుకాగినవని ఒక్క మాట అడిగిండా ఆయన?"

నాకూ కోపం వచ్చింది. "పిల్లల్ని అడిగి నేర్పుతామా అమ్మా? చెప్పినట్టు చెయ్యాలి," అన్నాను.

"అడిగితే మీ నోరు అరుగుతదా?" అని బస్సంతా వినేలా అరిచి, ఆవిడ ఇస్నాపూర్‌లో దిగిపోయింది. నలుగురిలో పరువు తీసిందని ఇల్లు చేరేదాకా తిట్టుకుంటూనే ఉన్నాను.

మర్నాడు, ఆమెదే తప్పని తేల్చుకోవాలన్న పంతంతో, ఆరో తరగతి పిల్లల్ని ఇసుక గుంట దగ్గర కూర్చోబెట్టాను. "ఎలా పరిగెత్తి, ఎక్కడ కాలు మోపితే ఎక్కువ దూరం దూకుతాం? మీరే దూకి చూసి చెప్పండి," అన్నాను.

ఎవరూ కదల్లేదు. చివరికి వెనక వరసలో ఓ అమ్మాయి లేచి, చేతులు వీపు వెనక దాచుకుని అడిగింది.

"తప్పు జెప్తే కొడ్తరా సార్?"

కొట్టనన్నాను. పిల్లల్ని ఇంతగా భయపెట్టిందెవరా అని ఒళ్లు మండిపోయింది. అప్పటికి ఆరేళ్లుగా ఆ బడిలో డ్రిల్లు మాస్టారిని నేనొక్కణ్ణే.