తెల్ల రుమాలు

మడికొండలో ఆయన కట్టుకున్న కొత్త ఇంటి ముందుకు రాగానే నేను బండి నెమ్మది చేస్తాను. ఆయన బయట ఉంటే నన్ను చూడాలని.

చిన్న విమానాలకు వెల కట్టే పనిలో ఆయనే నా గురువు. వాళ్ళ కుటుంబానికి హనుమకొండలో బట్టల దుకాణం ఉంది. ఏ విమానం దగ్గరికి వెళ్ళినా తెల్ల రుమాలుతో ఇంజను కింద తుడిచి, దాన్ని అమ్మేవాడి ముఖం ముందు పట్టేవాడు. నూనె మరక కనిపిస్తే ధర దిగినట్టే.

నేను పనిలో చేరిన రోజు, హైదరాబాద్‌లో విమానాలు నిలిపే హ్యాంగర్‌లో, వంగి అదే రుమాలుతో నా బూట్లు తుడిచాడు. అంటిన ఎర్రమట్టిని అందరికీ చూపించాడు.

“స్టేషన్ ఘన్‌పూర్ చెల్కంత మోసుకొచ్చిండు, చూడుండ్రి!”

అందరూ నవ్వారు. అది మా నాయన దున్నిన చెల్క మట్టి.

పన్నెండేళ్ళకు ఆయన దళారీ అయ్యాడు. ఆయన అమ్మకానికి పెట్టిన విమానాన్ని చూసి వెల రాసివ్వమని కొనేవాళ్ళు నన్నే పంపారు.

“మనోళ్ళమే గద తమ్మీ, జర మంచిగ రాయి,” అన్నాడు.

నా తెల్ల రుమాలుతో ఇంజను కింద తుడిచాను. రుమాలు తెల్లగానే వచ్చింది. పాత ఇంజను అంత శుభ్రంగా ఉంటే అప్పుడే కడిగారని అర్థం. ఆ సంగతి నేర్పింది ఆయనే.

“అరగంట నడిపియ్యుండ్రి సార్,” అన్నాను.

నడిపించాక మళ్ళీ తుడిచాను. రుమాలు నిండా నల్లటి నూనె. అక్కడున్నవాళ్ళందరూ చూసేదాకా దాన్ని ఆయన ముఖం ముందు పట్టుకున్నాను. తర్వాత మడిచి ఆయన చొక్కా జేబులో పెట్టాను.

“మీ దుకాణంలదే సార్. నిన్ననే కొన్న.”