బాపు చూసిన పెద్దల సినిమా

మా బాపు రాయమల్లు మందమర్రిలో బొగ్గుబాయి ముందు ఇరవై ఆరేళ్ళు నిలబడి, లోపలికి దిగేవాళ్ళ జేబులు తడిమాడు. బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోకుండా ఆపడం ఆయన పని. బాయిలో గ్యాసు ఉంటుంది, ఒక్క పుల్ల గీస్తే చాలు. ఒకసారి సొంత బామ్మర్ది రుమాల్లో సగం బీడీ దొరికితే ఆయన్నీ వదల్లేదు, ఆఫీసులో పట్టించాడు. మమ్మల్ని కన్న అవ్వ, సత్తవ్వ, ఆర్నెల్లు ఆయనతో మాట్లాడలేదు. అయినా బాపు తగ్గలేదు. అంత మొండిమనిషి.

ఆయన కొడుకు, మా అన్న రాజ్‌కుమార్, హైదరాబాద్‌లో తొమ్మిదేళ్ళు నానా తిప్పలు పడి మొన్న ఒక సినిమా తీశాడు. పెద్దలకు మాత్రమే. బొగ్గుబాయిలో ఒక రాత్రి సరసం, ఆ వెంటనే హత్య. సినిమా పేరు చెప్పను, నాకే సిగ్గు. శుక్రవారం విడుదలైంది, మధ్యాహ్నానికల్లా ఉతికి ఆరేశారు. సరసమూ లేదు, ఉత్కంఠా లేదని ఒకరు రాశారు. ఇంటర్వెల్ సమోసాయే కాస్త వేడిగా ఉందని యూట్యూబ్‌లో ఇంకొకడు ఇకిలించాడు. వాణ్ణి నేను తిట్టని తిట్టు లేదు.

ఆదివారం అన్న బ్యాగుతో ఇంట్లో దిగాడు. సినిమాలు బంద్, కరీంనగర్‌లో దోస్తు బట్టల దుకాణంలో కూర్చుంటానన్నాడు. అవ్వకు సంతోషం, చుట్టాలకు అంతకంటే సంతోషం. బాపు మాత్రం సోమవారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మంచిర్యాలకు పోయి సినిమా చూసొస్తానన్నాడు. ఈ వయసులో ఆ సినిమా ఏమిటని అవ్వ గుమ్మానికి అడ్డం నిలబడింది. కొడుకు తొమ్మిదేళ్ళ కష్టం చూడకుండా ఎట్లా ఉంటానని బాపు చెప్పులు వేసుకున్నాడు.

నేనూ వెంట పోయాను. పక్కపక్కన కూర్చునే ధైర్యం మా ఇద్దరికీ లేదు, రెండు వరుసలు వెనక కూర్చున్నాను. హాల్లో మొత్తం పదకొండు మంది. ముద్దు సీను వచ్చినప్పుడల్లా బాపు తల దించుకుని, అయిపోయాక ఎత్తాడు. బాయి అడుగున హీరో సిగరెట్ ముట్టించగానే మాత్రం దిగ్గున లేచి నిలబడ్డాడు. కూర్చో కూర్చోమని వెనకవాళ్ళు అరిచారు. అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇంటికొచ్చి బాపు అన్నను ఎదురుగా కూర్చోబెట్టాడు. సిగరెట్‌తో మొదలుపెట్టాడు. ఆ మంటకు అందరూ అక్కడే పోతారు కదా, ఇంక చంపడానికి హంతకుడెందుకని అడిగాడు. వాడెవడో పావుగంటకే తెలిసిపోయిందన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"గా సీన్లు పెట్టుడు తప్పు గాదు బిడ్డా. గా హీరోయిన్ పిల్లకేం గావాల్నో నువ్వొక్కసారన్న అడిగినవా?"

ఒక్క రివ్యూలో కూడా ఈ మాట లేదు.

అన్న కళ్ళు నిండాయి. ఊరంతా తిట్టింది చాలదా అన్నాడు. బాపు ఆగలేదు, వేళ్ళు మడుస్తూ ఇంకో నాలుగు తప్పులు చెప్పాడు. అన్నకు కోపం వచ్చేసింది.

"మానేస్తున్న అంటున్న గద బాపూ. ఇంకెందుకు చెప్తున్నవ్?"

"మానేసెటోనికి గిన్ని తప్పులు ఎవలు చెప్తరు? రెండో సిన్మల గివి ఉండద్దు."

అన్న ముఖం తుడుచుకుని, రాసుకోవడానికి నోట్‌బుక్ ఎక్కడుందని నన్నడిగాడు.