సిక్స్టెన్ పిలిచిన సమావేశాలు

సమావేశం పెట్టడానికి తగని విషయమంటూ సిక్స్టెన్‌కు ఈ లోకంలో లేదు. స్వీడన్‌లో వెట్లాండ అనే ఊళ్ళోని కిటికీల కర్మాగారంలో రంగులు వేసే పని ఆయనది. చీపురు ఏ మూల నిలబెట్టాలన్నా, గోడ గడియారం జానెడు పక్కకు జరపాలన్నా, తొమ్మిదిన్నర కాఫీకి అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరి అభిప్రాయం అడిగి, ఏకాభిప్రాయం కుదిరేదాకా వదిలేవాడు కాదు.

పోలండ్ నుంచి వచ్చిన కొత్త మేనేజరు బోగ్నాకు ఇది చూస్తే ఒళ్ళు మండేది.

"చీపురు ఎక్కడుంటే ఏంటి? తలుపు పక్కన పెట్టండి, అయిపోతుంది!"

"నువ్వొక్కదానివే తేల్చేస్తే ఎలా బోగ్నా? యోర్డిస్ ఇంకా నోరే విప్పలేదు."

ప్యాకింగు చేసే యోర్డిస్ దాల్చినచెక్క బన్ను నిదానంగా నమిలి, "నాకు ఏ మూలైనా సరే" అంది.

"చూశావా, చిక్కొచ్చిపడింది. రేపు మళ్ళీ కూర్చుందాం" అన్నాడు సిక్స్టెన్.

మేనేజరునైనా అక్కడ నువ్వనే అంటారు. దానికి బోగ్నా ఏమీ అనుకోలేదు. ఆమె బాధ వేరు. చేరిన రోజే గది తలుపు మూసుకుని కాఫీ తాగింది. మేనేజర్లు అలాగే ఉండాలని తన ఊళ్ళో నేర్చుకుంది. ఆ తర్వాత ఎవరైనా తలుపు తడతారేమోనని రోజూ ఎదురుచూసింది. ఎవరూ తట్టలేదు. నాలుగు కొట్టగానే అందరూ ఇళ్ళకు పోయేవారు. శని, ఆదివారాల్లో ఆమెతో మాట్లాడే మనిషి దుకాణంలో బిల్లు కొట్టే అమ్మాయి ఒక్కతే. ఒంటరితనం ఆమెను లోపల్లోపలే తినేసింది. ఐదో నెలలో రాజీనామా ఉత్తరం రాసుకుంది.

అది ఇవ్వబోయే రోజున సిక్స్టెన్ కప్పులు తగిలించే కొక్కేల గురించి సమావేశం ప్రకటించాడు. బోగ్నాకు ఇక ఓపిక నశించింది.

"ఇన్నేళ్ళుగా ఈ మనిషిని ఎలా భరిస్తున్నావు యోర్డిస్?"

"ఏళ్ళేంటి? నువ్వొచ్చాకేగా ఈ గోలంతా! అంతకుముందు ఆయన నోట్లోంచి మాట రావడమే గగనం. ఆ చీపురు ఇరవయ్యేళ్ళుగా ఆ మూలే ఉంది."

బోగ్నా నేరుగా రంగుల గదికి వెళ్ళి నిలదీసింది. సిక్స్టెన్ చెవులు ఎర్రబడ్డాయి.

"తలుపు మూసుకున్నావు కదా, ఒంటరిగా ఉండటమే నీకిష్టమేమోనని వీళ్ళంతా నీ జోలికి రాలేదు. నాకెందుకో అలా అనిపించలేదు. కాఫీకి రమ్మంటే బలవంతం పెట్టినట్టుంటుంది. సమావేశమంటే నీకు రాక తప్పదు కదా."

 బోగ్నా జేబులోని రాజీనామా ఉత్తరాన్ని ఉండ చుట్టేసింది.

"రేపటి సమావేశం దేని మీద?"

"అదే తోచట్లేదు. ఉన్నవన్నీ అయిపోయాయి" అన్నాడు దిగులుగా.

"ఆదివారం మీ అందరినీ భోజనానికి పిలుద్దామనుకుంటున్నా. ఏం వండాలో తేలట్లేదు. దాని మీద పెడదామా?"

సిక్స్టెన్ బ్రష్షు పక్కన పెట్టి గంభీరంగా ఆలోచించాడు.

"అది ఒక్క రోజులో తేలే విషయం కాదు" అన్నాడు.