ఒంటి తుమ్ము

మా ఇంట్లో మగవాళ్ళు తాగేవారు కాదు. తోట చూసి వచ్చేవారు. నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసేవాళ్ళు తోట చూసి రావడంలో తప్పు పట్టడానికేముంది? కాపు ఉన్నా లేకపోయినా, నడి వానాకాలంలో కూడా, మా బాబాయి పొద్దు వాలగానే తోట చూడటానికి బయల్దేరేవాడు. యాభైల చివర మాట ఇది. అప్పట్లో మా జిల్లాల్లో మద్యనిషేధం అమల్లో ఉండేది. కనక ప్రభుత్వం దృష్టిలో తాగేవాళ్ళే లేరు. మా ఇంటి దృష్టిలోనూ లేరు. కళ్ళు ఎర్రబడితే ఎండదెబ్బ, కాలు తూలితే పైత్యం, మాట ముద్దయితే నిద్రలేమి. పైత్యానికి మా నాయనమ్మ ధనియాల కషాయం కాచి ఇచ్చేది. బాబాయి బుద్ధిగా తాగేవాడు.

బండి ఉన్నన్నాళ్ళూ దీనివల్ల ఎవరికీ ప్రమాదం రాలేదు. తోట ముసునూరు దారిలో ఉండేది. బాబాయి బండిలో గడ్డి మీద వెల్లకిలా పడుకుంటే ఎద్దులే ఇంటికి తెచ్చేవి. వీధి గుమ్మం ముందు ఆగి, ఎవరైనా వచ్చి కాడి దించేదాకా మెడ గంటలు కదిలిస్తూ నిలబడేవి. "ఎద్దులకున్న బుద్ధి చాలమ్మా, ఇల్లు గడిచిపోతుంది" అనేది నాయనమ్మ. ఏ బుద్ధి, ఎవరికి లేని బుద్ధి అన్నది మాత్రం చెప్పేది కాదు.

ఒక ఏడు రసాలు బాగా కాశాయి. ఆ ఏడే బాబాయి బెజవాడ వెళ్ళి, మిలటరీ వాళ్ళు వేలంలో వదిలేసిన పాత జీపు కొనుక్కొచ్చాడు. బండీ ఎద్దులూ అమ్మేశాడు. జీపు దానంతట అది ఇంటికి రాదని ఆయనకి చెప్పేవాళ్ళు లేకపోయారు. చెప్పాలంటే ముందు ఆయన తాగుతాడని ఒప్పుకోవాలి. మా నాన్న ఆయనకి అన్నగారే అయినా, ఆ మాట అనడం కంటే జీపుకి నిమ్మకాయలు కట్టించడం సులువనుకున్నాడు.

కాపు ముగిసి, కొట్టులో ఈగలు తప్ప ఏమీ మిగలని రోజుల్లో బాబాయి మమ్మల్ని లంకకి తీసుకెళ్ళాడు. ఆయన వ్యాపార స్నేహితుడొకాయన కృష్ణ పాయల మధ్య ఒక లంకలో తమలపాకు తోటలూ కొబ్బరితోటలూ ఉన్న ఆసామి. నాలుగు రోజులు గాలి మారుతుందని ఎప్పటినుంచో పిలుస్తున్నాడు. బాబాయి, పిన్ని, వాళ్ళమ్మాయి, నాయనమ్మ, నేను వెళ్ళాం. చెల్లికి ఏడేళ్ళు. నాకు పన్నెండో పదమూడో. దానికి వాళ్ళ నాన్న పక్కన ముందు సీట్లో కూర్చోవడమంటే ప్రాణం. హనుమాన్ జంక్షన్‌లో సోడా తాగడానికి ఆపితే, తన చోటు ఎక్కడ పోతుందోనని దిగనుకూడా దిగలేదు.

లంకలోకి వంతెన లేదు. రెండు పెద్ద పడవలు జతకట్టి, మీద బల్లలు పరిచిన బల్లకట్టు మీద దాటాలి. బండి గాని జీపు గాని ఎక్కాలంటే ఒడ్డు నుంచి బల్లకట్టుకి రెండు పలకలు వేసేవారు. ఒక్కో చక్రానికి ఒక్కో పలక. సముద్రం దగ్గర కావడంతో నీళ్ళు ఎక్కుతూ తగ్గుతూ ఉండేవి. తగ్గినప్పుడు పలకలు బాగా ఏటవాలుగా కిందికి వాలేవి. వెళ్ళేటప్పుడు బాబాయి ఏ తోటా చూసి ఉండలేదు కనక, జీపుని పలకల మీద పిల్లిలా నడిపించాడు. మేము లోపలే కూర్చున్నాం. రేవులో పదిమంది మగవాళ్ళ మధ్య ఆడవాళ్ళు దిగి నిలబడటం మర్యాద కాదని ఆయన దిగనివ్వలేదు.

ఆ నాలుగు రోజులు పిన్ని నవ్వగా చూశాను. ఇంట్లో ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. అక్కడ కొబ్బరిచెట్ల కింద చీర కుచ్చిళ్ళు ఎగదోపి మాతో పాటు గవ్వలాట ఆడింది, ఏట్లో మునిగింది, చల్లటి ఇసుకలో కాళ్ళు పూడ్చుకుని కూర్చుంది. మళ్ళీ ఎప్పుడైనా వద్దామే అని నాతో అంది.

తిరుగు ప్రయాణం నాడు భోజనాలయ్యాక బాబాయీ, ఆసామీ తోట చూడటానికి వెళ్ళారు. మూటలు కట్టుకుని మేము కూర్చున్నాం. పొద్దు కొబ్బరాకుల కిందికి దిగాక వచ్చారు. బాబాయి పంచె అంచు బురదలో ఈడ్చుకుంటోంది. జీపు తాళం ఒక జేబులో పెట్టుకుని ఇంకో జేబులో వెతుకుతున్నాడు.

"రేపు పొద్దున్నే వెళదామండీ. పిల్లకి ఒళ్ళు వెచ్చగా ఉంది" అంది పిన్ని.

బాబాయి చెల్లి మెడ మీద చెయ్యి వేశాడు. "మంచులా ఉంది. ఎక్కండి ఎక్కండి. దీపాల వేళకి బల్లకట్టు ఆపేస్తారు."

దీపాల వేళ దాకా ఆయన్ని ఆపగలిగితే చాలు. రాత్రికి లంకలోనే పడుకుంటాడు, తెల్లారేసరికి మామూలు మనిషవుతాడు. పిన్నికి కావలసింది అంతే. ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళింది. నాయనమ్మ అక్కడే గోడకి ఆనుకుని ఉంది. నేను చాప చుడుతున్నాను. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాయనమ్మ రొండిన దోపుకున్న ముక్కుపొడి డబ్బీ తీసి, మూత తెరిచి, కోడలి ముందు పట్టింది.

బాబాయి గడప దాటబోతుండగా పిన్ని తుమ్మింది. ఒక్కటే తుమ్ము.

ఎంత తోట చూసి వచ్చినా బాబాయి కోమటింటి బిడ్డ. కొట్టు తాళం తీసేటప్పుడు వీధిలో ఎవరైనా తుమ్మితే ఆ పూట బోణీ వాయిదా వేసే మనిషి. ఎత్తిన కాలు వెనక్కి పెట్టాడు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్ళిచ్చారు. తాగి స్తంభానికి చేరగిలబడ్డాడు. కళ్ళు మూతలు పడ్డాయి. నోరు కొంచెం తెరుచుకుంది.

పిన్ని గుమ్మంలో నిలబడి ఆయన ఊపిరిని వింటోంది. చెల్లి గట్టిగా మాట్లాడబోతే దాని నోరు మూసింది. ఎండ అరుగు దిగింది, వాకిలి దాటింది. ఇంకాస్త సేపు అలాగే గడిచి ఉంటే ఈ కథ చెప్పవలసిన అవసరమే లేదు.

ఆసామికి అతిథి మర్యాద ఎక్కువ. "ఏవండోయ్, బల్లకట్టు తప్పిపోతుంది మరి!" అని భుజం తట్టి లేపాడు.

పిన్ని గబగబా లోపలికి వెళ్ళింది. కంగారులో పొడి ఎక్కువ పీల్చినట్టుంది. ఈసారి వరసగా రెండు తుమ్ములు వచ్చాయి. ఒంటి తుమ్ము చెడ్డది గాని, జంట తుమ్ములు మంచివని చిన్నపిల్లలకి కూడా తెలుసు. "జంట తుమ్ములు! ఇంకేం, దివ్యంగా ఉంది, బయల్దేరండి" అని ఆసామి చప్పట్లు కొట్టాడు. నాయనమ్మ డబ్బీ మూత పెట్టేసింది.

రేవు దాకా జీపు గట్టు మీద అటూ ఇటూ పోతూ వెళ్ళింది. రేవులో నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి. పలకలు వేశారు. పిన్ని అప్పుడు జీపు దిగింది. ముందు సీట్లోంచి చెల్లిని రెక్క పట్టుకుని లాగింది. అది గొంతు చించుకుని ఏడుస్తూ వాళ్ళ నాన్న చొక్కా పట్టుకుంది. పిన్ని దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

"ఎక్కు. నలుగురూ చూస్తున్నారు" అన్నాడు బాబాయి.

"ఇవాళ మీరు తోలొద్దండీ" అంది పిన్ని. మా ఇంట్లో ఆ సంగతి గురించి ఎవరైనా అన్న మొదటి మాట అదే.

"మరి నువ్వు తోలతావా ఏంటి?" అన్నాడు. రేవులో వాళ్ళు నవ్వారు.

నాయనమ్మ కాళ్ళు తిమ్మిరెక్కాయంటూ దిగింది. పిన్ని నా వైపు చూస్తే నేనూ దిగాను. బాబాయికి రోషం వచ్చింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఒక్కసారిగా జీపుని ముందుకి దూకించాడు. ముందు చక్రాలు బల్లకట్టు మీదికి చేరనే లేదు. కుడి చక్రం పలక దాటి గాల్లో తిరిగింది. జీపు మెల్లగా పక్కకి ఒరిగి, ఒడ్డుకీ బల్లకట్టుకీ మధ్య తిరగబడింది. అక్కడ నీళ్ళు పెద్దవాళ్ళకి ఛాతీ లోతు కూడా లేవు. కాని జీపు ఆయన మీద ఉంది. జనం మోకులు తెచ్చి దాన్ని లేపేసరికి ఆయన పోయాడు.

పోలీసులు వస్తే, పలక జారిందని అందరూ చెప్పారు. కల్లు మాట ఎత్తితే ఆసామి జైలుకి పోతాడు. తోట చూడటానికి వెళ్ళినవాళ్ళంతా తేలు కుట్టిన దొంగల్లా ఉన్నారు. కాని చుట్టాలకి పలక చాలలేదు. వాళ్ళకి ఇంకా పెద్ద కారణం కావాలి. అది దొరికింది.

"ప్రయాణానికి ఎదురు తుమ్మిందటమ్మా. అదీ ఒంటి తుమ్ము."

"కట్టుకున్నదే తుమ్మితే ఇంకేం మిగులుతుంది?"

పదో రోజు లోపలే ఈ మాట ఊరంతా పాకింది. జంట తుమ్ముల సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆసామికీ గుర్తులేదు. నేను నాయనమ్మ వైపు చూస్తూ కూర్చున్నాను. ఒక్క మాట అంటే చాలు, డబ్బీ నాదే, నేనే ఇచ్చానని. ఆవిడ అనలేదు. అంటే ఎందుకిచ్చావని అడుగుతారు. కొడుకు పోయాడు, పేరైనా మిగలాలనుకుందేమో. ఆ తర్వాత ముక్కుపొడి మాత్రం మానేసింది. కొడుకు మీద బెంగతో మానేసిందని అందరూ జాలిపడ్డారు. నాకు జాలి కలగలేదు. కోపం వచ్చింది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయినా అది పూర్తిగా పోలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా పిన్ని వెనక వసారాలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. ఎవరూ చెప్పనక్కరలేకపోయేది. చెల్లి ఆ మాటల మధ్యే పెరిగింది. తన వేళ్ళు విడదీసిన చెయ్యి దానికి గుర్తుంది. ఎందుకు విడదీసిందో దానికెవరూ చెప్పలేదు.

అరవైల చివర్లో దానికి ఒక మంచి సంబంధం వచ్చింది. ఏలూరు వైపు బట్టల కొట్టువాళ్ళు. పిల్లని చూడటానికి వచ్చి, పలహారాలయ్యాక, పెళ్ళికొడుకు తల్లి అడిగింది: "తండ్రిగారు ఎలా పోయారండీ? ఏదో తోలుతుంటే అయిందని విన్నాం. అలవాట్లేమన్నా..."

మా నాన్న కండువా సర్దుకున్నాడు. నాయనమ్మ కళ్ళు మూసుకుంది. తలుపు చాటు నుంచి పిన్ని గొంతు వినిపించింది.

"అలవాట్లేం లేవండీ. నేను ఎదురు తుమ్మాను. ఆయన ఆగలేదు."

పెళ్ళికొడుకు తల్లి "అయ్యో, కర్మ" అంది. తర్వాత మాటలు ముహూర్తాల మీదికి మళ్ళాయి.

నేను వంటింట్లోకి వెళ్ళేసరికి పిన్ని కాఫీ వడపోస్తోంది. ఒళ్ళు మండిపోయి అడిగేశాను. "ఎందుకు పిన్నీ ఆ అబద్ధం? నేను చూశాను కదా. నాకు తెలుసు కదా."

"తెలిస్తే నీ దగ్గరే ఉంచుకో. తాగి పోయాడంటే అది పిల్ల మీద పడుతుందే. తాగుబోతు కూతుర్ని ఎవరు చేసుకుంటారు? నా తుమ్ముకి పోయాడంటే నా ఒక్కదాని మీదే పడుతుంది. ఈ గ్లాసులు పట్టుకెళ్ళు, చల్లారిపోతాయి."

సంబంధం కుదిరింది. పెళ్ళి బాగానే జరిగింది. అత్తారింటికి బయల్దేరే పూట వాకిట్లో కారు పెట్టారు. చెల్లి అందరి కాళ్ళకీ దండం పెట్టి, నన్ను పక్కకి పిలిచి, మెల్లగా చెప్పింది.

"అక్కా, కారు కదిలేదాకా అమ్మని బయటికి రానివ్వకు."