వద్దన్న బ్యాండు

కొట్లన్నీ మూతపడిన ఆ లాక్‌డౌన్ రోజుల్లో, బర్ దుబాయ్‌లోని మా గదిలో ఒక ఇంగ్లీషు గాయకుడు రోజూ సాయంత్రం పాడేవాడు. ఆయన ఉన్నది ఎక్కడో ఇంగ్లండులో, తన వంటింట్లో. స్టూలు మీద కూర్చుని, గిటారు ఒళ్లో పెట్టుకుని ఫోను ముందు పాడితే, పక్క మంచం మీది భాయ్ దాన్ని తన చిన్న స్పీకరులో పెట్టేవాడు. భాయ్‌ది నెల్లూరు. కచేరీలకు స్పీకర్లు, లైట్లు బిగించే కంపెనీలో పని. కచేరీలు ఆగిపోయాయి కనుక బిగించేదేమీ లేదు, వినడమే మిగిలింది.

చాలా ఏళ్ల కిందట ఆ గాయకుడి బ్యాండు ఇక్కడికి వచ్చినప్పుడు వాళ్ల స్పీకర్లు మోసినవాళ్లలో భాయ్ ఒకడు. రిహార్సల్లో విన్న పాట అతణ్ణి వదల్లేదు. ఆ బ్యాండు కథను సొంత మేనమామ సంసారంలా చెప్పేవాడు. తణుకులో బట్టల కొట్ల మధ్య పెరిగినవాణ్ణి కదా, నేను దాన్ని నా భాషలో అర్థం చేసుకున్నాను. వాన తప్ప మరేమీ లేని చిన్న ఊళ్లో నలుగురు స్కూలు స్నేహితులు కలిసి బ్యాండు పెట్టారు. మొదటి ఆల్బమ్ దసరా సరుకులా మడత విప్పకముందే అమ్ముడైపోయింది. రెండోది అదే డిజైను, అంచు మార్చారు, అదీ పోయింది. మూడోసారి గాయకుడు జనానికి కావలసింది కాకుండా తనకు నచ్చింది నేశాడు. గిరాకీ జారిపోయింది. గిటారు వాయించేవాడు తగవు పెట్టుకుని వెళ్లిపోయాడు. అక్కణ్ణుంచి గాయకుడు భుజాన మూటతో తిరిగే బట్టల వ్యాపారిలా ఒక్కడే ఊరూరూ పోయి, చిన్న చిన్న హాళ్లలో పాడుకుంటూ వచ్చాడు.

ఆ గొంతు నాకు మొదటి వారంలోనే నచ్చింది. మాటలు సగమే అర్థమయ్యేవి. పాట చివర, ఎవరైనా గొంతు పెంచే చోట, ఆయన తగ్గించేవాడు. అది వింటుంటే షట్టరు దించేశాక లోపల ఒక్క లైటు కింద కూర్చున్న మనిషి కనిపించేవాడు.

కానీ మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. నచ్చిన సరుకు మీద చెయ్యి వేయకూడదు. పక్కదాన్ని పట్టుకుని ధర అడగాలి, నచ్చినదాన్ని చూసి పెదవి విరవాలి. ఇది మాకు అన్నప్రాశనతోపాటే పట్టిస్తారు. పెళ్లిచూపులకు వెళ్లి అమ్మాయి ఊసెత్తకుండా వాళ్లింటి కిటికీలను మెచ్చుకుని వచ్చిన ఘనుణ్ణి నేను. ఆ సంబంధం కిటికీల దగ్గరే ఆగిపోయింది.

"ఎట్టుంది సేఠ్?" అని అడిగేవాడు భాయ్. కొట్లవాళ్ల పిల్లవాణ్ణని నన్నలా పిలిచేవాడు.

"ఏంటి భాయ్ ఈ మూలుగు? పాత పాటల్లో ఆ డ్రమ్ములోడే నయం," అనేవాణ్ణి.

భాయ్‌కి బేరాలు తెలియవు. మాటను మాటగానే తీసుకున్నాడు. ఒక రోజు కిరాణా సామానుతోపాటు ఇయర్‌ఫోన్లు కూడా కొనుక్కొచ్చాడు. "నా వల్ల నీకెందుకు తలనొప్పి," అన్నాడు ఎంతో మర్యాదగా.

ఆ తరువాత గదిలో ఏసీ రొద ఒక్కటే మిగిలింది. భాయ్ కళ్లు మూసుకుని వింటుంటే, మంచం పట్టీ మీద ఆడే అతని బొటనవేలిని చూసి ఏ పాటో ఊహించుకునేవాణ్ణి. "తీసెయ్ భాయ్, నేనూ వింటాను," అనవచ్చు. అన్నాళ్లూ నాసిరకం అన్న సరుకును ఏ మొహంతో అడగను?

కొట్లు తెరిచాక, నేను పనిచేసే కొట్టుకు నడుస్తూ ఆ పాటలన్నీ ఒక్కడినే విన్నాను. బ్యాండు మళ్లీ కలుస్తోందన్న వార్త కూడా నడుస్తూనే చూశాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఆ పేరు తెలిసినవాడు నాకు ఈ దేశంలో ఒక్కడే. నాకది గిట్టదని గట్టిగా నమ్మినవాడూ అతనే.

నెరిసిన తలలతో ఆ నలుగురూ చివరికి మళ్లీ దుబాయ్ వచ్చారు. స్పీకర్లు బిగించేది భాయ్ వాళ్ల కంపెనీయే.

"సేఠ్, ఒక పాసు ఎక్కువ ఇచ్చినారు. వస్తావా? వచ్చే వారం నన్ను కుసైస్‌లో మా కంపెనీ వాళ్లుండే క్యాంపుకి మారుస్తుండారు. మళ్లీ ఇట్ట కలిసేది ఎప్పుడో," అన్నాడు.

"నాకెందుకులే భాయ్," అంది నా నోరు.

మా బజారులో మొదటి వద్దు వద్దు కాదు. కొనేవాడు మెట్టు దిగుతాడు, కొట్టువాడు వెనక్కి పిలుస్తాడు. నేను మెట్టు దిగాను. పిలుపు కోసం చెవి అటే పెట్టి టీ గ్లాసు అవసరానికి మించి కడిగాను.

"సరేలే. మలబారీకి ఇస్తా. అడగతానే ఉండాడు," అన్నాడు. మలబారీ అంటే గదిలోని మూడోవాడు, కేరళ మనిషి.

వెంటనే ఫోనులో చూస్తే టికెట్లన్నీ ఖలాస్. ఆ సాయంత్రం మలబారీ నా ఇస్త్రీ చొక్కా అడిగి వేసుకున్నాడు. కచేరీకి నా చొక్కా వెళ్లింది. నేను మంచం మీద కూర్చుని పెరుగన్నం తిన్నాను.

మర్నాడు భాయ్ సూట్‌కేసు సర్దుకుంటుంటే అడిగాను.

"ఎలా పాడాడు?"

"బాగా పాడినాడు. ఇదే ఆఖరని చెప్పేసినాడు. ఇంక బ్యాండు లేదంట." ఆగి నా వైపు చూశాడు. "అయినా నీకెందుకు సేఠ్?"

"నాకిష్టం భాయ్. మొదట్నుంచీ."

అతని చేతిలోని లుంగీ అలాగే ఉండిపోయింది. "మరి చెప్పేదానికేం?"

"చెబితే ధర పెరుగుద్దని."

"ఇక్కడ అమ్మేవాడెవుడు సేఠ్?" అన్నాడు.

ఆ లుంగీ మడిచి సూట్‌కేసులో పెట్టేశాడు.

భాయ్ వెళ్లాక, ఒక సెలవు రోజు మెట్రో ఎక్కి కుసైస్ వెళ్లాను. క్యాంపులోకి బయటివాళ్లను రానివ్వరు. గేటు పక్క గోడ నీడలో ఇద్దరం నిలబడ్డాం. భాయ్ యూనిఫారంలో ఉన్నాడు, డ్యూటీ బస్సు కోసం చూస్తున్నాడు.

"పాట పెట్టు భాయ్," అన్నాను.

"ఏది?"

ఏది కావాలో సూటిగా చెప్పాను. పెట్టాడు. లారీల మోతకు ఫోను వినబడక, ఇద్దరం తలలు దగ్గరికి వంచాం. పాట సగంలో ఉండగా బస్సు వచ్చింది. "యల్లా సేఠ్, వస్తా," అని ఫోను జేబులో వేసుకుని ఎక్కేశాడు. జేబులోంచి పాట కాసేపు వినిపించింది, తలుపు మూసుకునేదాకా.