గంట, గంటె

మొన్న మా బీఎడ్ బ్యాచి వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ వచ్చింది. కుక్క, దాని ముందు గంట, పక్కన ఖాళీ పళ్ళెం, కింద ఏదో జోకు. పంపింది ఒకప్పటి నా రూమ్మేటు. పది నిమిషాల్లో గ్రూపంతా నవ్వు బొమ్మలతో నిండిపోయింది. నేను ఫోను బోర్లా పెట్టి బియ్యం ఏరుతూ కూర్చున్నాను. చేటలో రాయేదో గింజేదో కాసేపు తెలియలేదు. ముప్పయ్యేళ్లయినా నాకు ఆమె మీద కోపం తగ్గలేదు, తగ్గించుకుందామని నేను పెద్దగా ప్రయత్నించిందీ లేదు.

కరీంనగర్‌లో బీఎడ్ చదివే రోజులవి. సైకాలజీ సారు ఒకరోజు, రష్యాలో ఒక శాస్త్రవేత్త కుక్కకు తిండి పెట్టినప్పుడల్లా గంట కొట్టి, చివరికి గంట వింటే చాలు దానికి నోరూరేలా చేసిన వైనం చెప్పి, బోర్డు మీద ‘శాస్త్రీయ నిబంధన’ అని రాశారు. మాది మెథడిస్టు కుటుంబం. నాకు పుట్టిన దగ్గర్నుంచి తెలిసిన నిబంధనలు రెండే, రెండూ బైబిల్లోవే. "సార్, ఇది పాతదా, కొత్తదా?" అని అడిగేశాను. క్లాసు గొల్లుమంది. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "గీమెది పాత నిబంధన, కుక్కది కొత్త నిబంధన సార్!" అంది. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. ఆ సాయంత్రమే ఆమె తన ట్రంకు పెట్టె మోసుకొని నా గదికి మారిపోయింది.

చొప్పదండి దిక్కు భూములున్నవాళ్ల బిడ్డ. దొరికిన మాటను దొరికినట్టు వదిలిపెట్టేది కాదు. వార్డెన్ మేడమ్ దగ్గిందంటే లైట్లు ఆర్పి పడుకోవాలని మా హాస్టల్లో లెక్క. ఒకసారి మేడమ్‌కు జలుబు చేసి పొద్దున ఏడింటికే దగ్గితే, ముస్తాబవుతున్న వాళ్లం కూడా లైట్లార్పి మంచాలెక్కాం. "సూసినవానే, నిబంధన కుదిరింది. మేడమ్‌కు దగ్గు తగ్గేదాంక మనకు తెల్లారది" అని పడీపడీ నవ్వింది. అలాంటి మనిషి పక్కనుంటే ఇంటి మీద బెంగ ఎలా ఉంటుంది! నా మనసులో మాటలన్నీ ఆమెకే చెప్పుకునేదాన్ని.

ప్రాక్టికల్ రికార్డు కోసం ప్రతి ఒక్కరూ ఒక పరీక్ష చేయాలి. మనం ఒక మాట అంటే అవతలి మనిషి మనసుకు తట్టిన మొదటి మాట చెప్పాలి. ఆ చెప్పే మనిషిని పుస్తకంలో ‘ప్రయోజ్యురాలు’ అంటారు. "నీ పేరు రాయనే, ఒట్టు" అని ఆమె చేతి గడియారం విప్పి పట్టుకొని వరండాలో నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది. వాన అంటే గొడుగు అన్నాను. బల్ల అంటే పలక అన్నాను. గంట అనగానే ఉప్మా అన్నాను. "గదేందే?" అంది.

చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది. కాగజ్‌నగర్ దగ్గరి ఊళ్లో సర్కారు బడిలో గంట కొట్టే అటెండరు మా బాపు. లాంగ్ బెల్ వినబడగానే, మేం అవ్వ అని పిలిచే అమ్మ మా పళ్ళేలు కడిగి వరసగా పెట్టేది. పిల్లలకు వండిన మక్కరవ్వ ఉప్మాలో అడుగున మిగిలింది బాపు గిన్నెలో తెచ్చేవాడు. కొన్నాళ్లు మా రాత్రి భోజనం అదే. కాలేజీలో మాత్రం "మా బాపు బడిల పనిచేస్తడు" అని ఊరుకునేదాన్ని. వాళ్లు సారు బిడ్డ అనుకునేవాళ్లు. అనుకోనిచ్చాను.

వారం తిరక్కుండా రికార్డు క్లాసులో చదవమన్నారు సారు. ఆమె అంతా చదివింది. గంట దగ్గరికొచ్చేసరికి ఆగి, చదవడం ఆపి, "మా ప్రయోజ్యురాలి ఇంట్ల గంట మోగితెనే గంటె కదులుతదట సార్! బాపు బడిల గంట కొట్టాలె, గా ఉప్మా మిగలాలె, అప్పుడు వీళ్లకు బువ్వ" అంది. సారు కళ్ళజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. "ఎవరమ్మా ఆ ప్రయోజ్యురాలు?" అన్నారు. పేరు రాయనని వేసిన ఒట్టు ఆమె తప్పలేదు. తల తిప్పి నావైపు చూసింది, అంతే. ఆమె వెంట అరవై మందీ చూశారు.

నేను లేచాను. "అబద్ధం సార్. మా బాపు లెక్కల సారు" అన్నాను.

ఆ రోజు నుంచి మెస్సులో నేను అడుగుపెడితే చాలు, ఎవరో ఒకరు గంటెతో పళ్ళెం మీద టంగుమనిపించేవాళ్లు. "నవ్వుకు అన్న గదనే, గింత ఫికర్ చేస్తవా?" అందామె. నేను గది మారిపోయాను. అంత నమ్మి చెప్పిన మాటను నవ్వుకు వాడుకుంది. ఇప్పటికీ అదే నా ఫిర్యాదు.

పరీక్షలయ్యాక నా పెట్టె మోయడానికి కరీంనగర్ వస్తానని బాపు ఉత్తరం రాయించాడు. రావద్దని జవాబు రాశాను. లెక్కల సారు ఖాకీ చొక్కాతో హాస్టల్ గేటు ముందు నిలబడితే ఎలా? పెద్దపల్లిలో రైలెక్కి ఒక్కదాన్నే కాగజ్‌నగర్‌లో దిగితే, బాపు ప్లాట్‌ఫాం మీద పొద్దున్నుంచి నిలబడి ఉన్నాడు. పెట్టె నెత్తికెత్తుకుంటూ, "ఎందుకు రావద్దన్నవు బిడ్డా?" అన్నాడు.

"నీకెందుకు పరేషాని అని" అన్నాను.

ఇంటికెళ్లేదాకా దారిలో కనబడిన ప్రతి మనిషికీ చెప్పాడు. "నా బిడ్డకు నా మీద ఎంత పావురమో సూడుండ్రి. మోస్తే నాకు నొప్పైతదని రావద్దన్నది."

నా స్నేహితురాలి మీద కోపం పెట్టుకోవడానికి ముప్పయ్యేళ్లు ఇచ్చిన కాలం, బాపుకు నిజం చెప్పడానికి మాత్రం నాలుగేళ్లే ఇచ్చింది, ఆ నాలుగేళ్లూ నేను చెప్పలేదు.